బొమ్మల గోదాంలో అత్తజొన్న

బీదర్ వెళ్ళొచ్చానని చెప్పగానే మా స్టాఫ్‌రూములో అందరూ అడిగింది ఒకటే, "కోట ఎలా ఉంది?" అని. కోట చూళ్ళేదండీ! దసరా సెలవుల్లో ఆరు రోజులు ఆ జిల్లాలో తిరిగి, కోట గుమ్మం కూడా తొక్కకుండా తిరిగొచ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. మరేం చూశావమ్మా అంటే, తలుపంత చెక్క మీద అంటించిన జొన్నలు చూశాను. వాటిలో ప్రాణం ఉందో పోయిందో తెలియక నా ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి ఏమీ దాచను. నా పరువు పోయే చోటు కూడా దాచను.

నన్ను పిలిచింది విజయ. హైదరాబాదులో బి.ఎడ్. చదివేటప్పుడు ఇద్దరిదీ ఒకే గది, ఒకే కంచం. నేను తెనాలిలో హైస్కూలు జీవశాస్త్రం టీచర్నయ్యాను. తను పుట్టిందీ మెట్టిందీ బీదర్‌లోనే, పప్పుల వ్యాపారం చేసే తెలుగువాళ్ళ ఇళ్ళలో. రెండేళ్ళ కిందట ఖాళీగా పడున్న తమ గోదాం ఒకటి శుభ్రం చేయించి, అందులో బొమ్మల ప్రదర్శనలు పెట్టడం మొదలుపెట్టింది. ఋతువుకొక ప్రదర్శన. చెట్టూ చేమా, పిట్టా పురుగూ, మట్టీ గింజా తప్ప ఇంకో విషయం ఉండదు. బొమ్మలు చేసేది కూడా పెద్ద కళాకారులు కాదు, గంజ్‌లో, అంటే అక్కడి గింజల మార్కెట్లో, పనిచేసేవాళ్ళూ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ. "ఎప్పుడొస్తవే సుభద్రా, నేను సచ్చినంక వస్తవా?" అని ఫోనులో సతాయిస్తే సతాయిస్తే, చివరికి బయల్దేరాను.

గంజ్‌లో నా పెట్టె

గాంధీ గంజ్‌లో ఆటో దిగగానే వరసగా ఏడు తుమ్ములు తుమ్మాను. లారీల మీంచి పెసల బస్తాలు దిగుతున్నాయి, మినుముల బస్తాలు ఎక్కుతున్నాయి, మధ్యలో గాలంతా పొట్టు. మా తెనాలి మార్కెట్లో కేకలు తెలుగులోనే ఉంటాయి. ఇక్కడ ఒకే మనిషి కన్నడంలో ధర అడిగి, ఉర్దూలో కాదని, తెలుగులో తిట్టి, మరాఠీలో బేరం కుదుర్చుకున్నాడు. నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. ఆ తెరిచిన నోట్లోకి కూడా పొట్టే వెళ్ళింది.

"ఆర్ట్ గ్యాలరీ ఎక్కడండీ?" అని నలుగుర్ని అడిగాను. ఎవరికీ తెలీదు. ఐదో మనిషి, తలకి ఎర్ర రుమాలు చుట్టుకున్న హమాలీ, కాసేపు ఆలోచించి, "బొమ్మల గోదామా? గట్ల సక్కగ చెప్పరాదమ్మా! సీదా పోయి, వేపచెట్టు కాడ మర్రు" అన్నాడు.

సరే, ముందు గొంతు తడుపుకుందామని పది రూపాయల టీ తాగి వెనక్కి తిరిగితే నా పెట్టె లేదు. చూద్దును కదా, పెసల బస్తాల మధ్య తోపుడుబండి మీద దర్జాగా ఊరేగుతూ పోతోంది. వెనకాల పరిగెత్తాను. బండి తోసేవాడు ఆగి, తాపీగా, "మా సేటు సామాను అనుకున్నమ్మా. గింత బరువున్నది, ఏం సరుకు నింపినవ్ ఇందుల?" అని అడిగాడు. గోంగూర పచ్చడి, మాగాయ, కందిపొడి అని చెప్పాను. "పుంటికూర తొక్కు తెచ్చినవా? మా ఊరికి?" అని వాడు నవ్విన నవ్వుకి చుట్టుపక్కల బస్తాల మీద కూర్చున్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఎందుకు నవ్వాడో ఆ మధ్యాహ్నమే తెలిసింది. విజయ వాళ్ళింట్లో జొన్నరొట్టెతో వడ్డించింది గోంగూరే, అక్కడ దాన్ని పుంటికూర అంటారు. కాకపోతే జొన్నరవ్వ వేసి, వెల్లుల్లి తాలింపుతో ముద్దగా వండారు. గుంటూరు జిల్లాలో పుట్టి ఈ మాట అనకూడదు గానీ, మూడుసార్లు అడిగి వేయించుకున్నాను.

టిక్కెట్టు లేని తలుపు

గోదాం గుమ్మంలో విజయ నన్ను ఆపేసింది. "ఖాళీ చేతుల్తోని లోపలికి రానియ్య. ఎవ్వరినైనా సరే."

అక్కడి పద్ధతి అది. టిక్కెట్టు లేదు. దారిలో రాలిపడింది ఏదో ఒకటి, ఆకో ఈకో కాయో తెచ్చి, తలుపు పక్కన ఉన్న వెదురుబుట్టలో వెయ్యాలి. కోసింది పనికిరాదు, రాలిందే కావాలి. ఆ బుట్టలో పడినవాటితోనే వచ్చే ప్రదర్శన చేస్తారట. ముప్పయ్యేళ్ళ స్నేహం, పన్నెండు గంటల ప్రయాణం అన్నీ పక్కనబెట్టి, నేను ఎండలో వీధి చివరిదాకా పోయి ఒక పావురం ఈక ఏరుకొచ్చాను. అప్పుడు తలుపు వదిలింది, మహాతల్లి.

లోపలికి అడుగు పెట్టాక మాత్రం ఆ కోపం ఎటు పోయిందో! సున్నం వేసిన గోడలు, పైకప్పు రేకుల సందుల్లోంచి పడే వెలుగు, ఇంకా పోని పప్పుల వాసన. బీదర్ ఎర్రమట్టీ, పక్క తాలూకా ఔరాద్ నల్లమట్టీ రెండే రంగులుగా వేసిన జింకలు. హమాలీలు చిరిగిన గోనెసంచుల దారం లాగి అల్లిన పిచ్చుకలు. పప్పు చెరిగే ఆడవాళ్ళు వేపాకులు రంగులో ముంచి అద్దిన దుప్పటి, దాని కింద "శాంతమ్మ, చాట పని" అని పేరు. మా ఊళ్ళో బొమ్మల ప్రదర్శనకి వెళితే "ముట్టుకోరాదు" అని ఉంటుంది. ఇక్కడ ముట్టుకోని వాళ్ళు లేరు. ఒక ముసలి రైతైతే మట్టి బొమ్మని వాసన చూసి, "ఇది మా దిక్కు మన్నే" అని తేల్చాడు.

ఇక ఎదురుగోడ మీద ఉంది చూడండి, విజయ చేసిన బొమ్మ! తలుపంత చెక్క. పైన కొమ్మకి వేలాడే గూడు, గూటి మీద గిజిగాడు పిట్ట, కింద కనుచూపు మేరా పండిన చేను. అన్నీ గింజలే. గూటికి మినుములు, పిట్టకి శనగపప్పు. పైన ఆకాశం దగ్గర్నుంచి కింద చేను దాకా పరుచుకున్నది మాత్రం ఒకటే రకం జొన్న. ముత్యంలా తెల్లగా ఉండి, ముక్కు దగ్గర చిన్న ఎర్రటి చుక్క. తుమ్మబంకతో ఒక్కో గింజా అంటించడానికి విజయకి రెండు నెలలు పట్టిందట.

"నువ్వు చెప్పినట్టే ఏంచి అంటించిన. చూడు, ఒక్క పురుగన్న పట్టిందా?" అంది విజయ గర్వంగా.

అవును, సలహా నాదే. గింజల బొమ్మకి పురుగు పడుతుందని వేసవిలో ఫోను చేసి ఏడిస్తే, "ఓస్ ఇంతేనా, బొంబాయి రవ్వకి చేసినట్టు దోరగా వేయించు, ఏళ్ళు నిలవుంటుంది" అని చెప్పాను. ఆ బొమ్మ ముందు నిలబడి, నా సలహా ఎంత బాగా పనిచేసిందో అని ఒళ్ళంతా పొంగిపోయాను. ఆ పొంగు మర్నాడు పొద్దున దాకా ఉంది.

నర్సమ్మ కొరికిన గింజ

రెండోరోజు గోదాం తలుపులు తెరిచేసరికే గుమ్మంలో ఒకామె కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి, గట్టి మనిషి, ఒళ్ళో ఖాళీ సొరకాయ బుర్ర.

"నర్సమ్మక్కా! ఇంత పొద్దుగాల్నే వచ్చినవేంది? రా, చాయ్ తాగుదువు" అంది విజయ. నా వైపు తిరిగి, "బొమ్మల ఉన్న జొన్న ఈ అక్కదే, మల్ల ఇస్తనని అడిగి తెచ్చుకున్న. ఔరాద్ అవతల ఊరు. వీళ్ళింటి పంట మా దుకాణానికే వస్తది" అని చెప్పింది.

"చాయ్ తర్వాత గని, నా గింజ ఇయ్యి విజయమ్మా. వాన తెర్పిచ్చింది. నాలుగైదు దినాలల్ల నాటెయ్యాలె" అంది నర్సమ్మ.

"గింజ... అది బొమ్మల అంటించిన గదక్కా. బొమ్మలు తీసేసినంక నీకు జొన్నలు తూకానికి తూకం ఇప్పిస్త. ఇంకో రెండు శేర్లు ఎక్కువనే తీస్కపో."

"ఏ జొన్నలో నాకెందుకు? నా అత్తజొన్న నాకు గావాలె. ఇంట్ల ఉన్నది వానకు గోడ నాని, కుండల్నే మురిగిపోయింది. ఇగ నీకిచ్చిందే ఉన్నది."

నర్సమ్మ లేచి బొమ్మ దగ్గరికి నడిచింది. పైన ఆకాశంలోంచి గోటితో ఒక గింజ ఊడదీసి, పళ్ళ మధ్య పెట్టి కొరికింది. చిటుక్కుమంది. ఆ చప్పుడు నాకు వినపడింది. ఆమె ముఖం మారిపోయింది.

"విజయమ్మా... గీ గింజను పొయ్యి మీద వెట్టినవా?"

విజయ మెల్లగా తలూపింది. నా సంగతి చెప్పేదేముంది! ఏటా తొమ్మిదో తరగతి పిల్లల ముందు నిలబడి, "విత్తనం నిద్రపోతున్న మొక్క, అది ఊపిరి పీలుస్తుంది" అని గొంతు చించుకునేదాన్ని నేనే. ఆ నిద్రపోయేదాన్ని మూకుట్లో వేయించమన్నదీ నేనే. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా!

నర్సమ్మ ఏడవలేదు, అరవలేదు. నేల మీద కూలబడి, చెప్పుకుంటూ పోయింది. ఆ జొన్న వాళ్ళ అత్తగారు కాపురానికొచ్చేటప్పుడు ఒడిలో పోసుకుని తెచ్చిందట. నీళ్ళు పెట్టకుండా, ఉత్త మంచుకే పండుతుందట. దాని రొట్టె మర్నాటికి కూడా మెత్తగానే ఉంటుందట, దాని చొప్ప వేస్తే ఎద్దులు వేరే గడ్డి ముట్టవట. "మా అత్త నాకు బంగారం వెట్టలె. గీ గింజ చేతుల వోసి, సూస్కో అన్నది. నలభై ఏండ్లు సూస్కున్న. గిప్పుడు..." అని ఆగిపోయింది.

"నా తప్పే అక్కా" అంది విజయ. "గంజ్‌ల పుట్టి గంజ్‌ల పెరిగిన. మాకు గింజంటే సరుకే. సరుకుకు పురుగు పట్టొద్దు, అంతే తెల్సు. ఇది ఇత్తనమని నా బుర్రకు తట్టలె."

"ఏంచుమని ఎవ్వరన్న చెప్పిన్రా, నీకే తోచిందా?"

విజయ ఒక్క క్షణం నా వైపు చూసి, తల దించుకుంది. చెప్పలేదు. చెప్పాల్సింది నేను. తేలు కుట్టిన దొంగలా గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కాసేపటికి నర్సమ్మే లేచింది. "గింజ సచ్చిందో బతికిందో గింజనే చెప్తది. ఒక పాత గుడ్డ ఇయ్యి." నేను నా చదువంతా కక్కుతూ, గాజు పళ్ళెం, దూది, వంద గింజలు అని మొదలుపెట్టాను. ఆమె విననే లేదు. బొమ్మ పైభాగంలోంచి ఇరవై గింజలు, కిందిభాగంలోంచి ఇరవై గింజలు తీసి, బంక పోయేలా కడిగి, తడిగుడ్డ రెండు కొసల్లో విడివిడిగా మూట కట్టింది. పైవాటికి ఎర్ర దారం, కిందివాటికి తెల్ల దారం. "ఒక్క కాడి గింజను నమ్మొద్దు. బస్తకు బస్త ఏర్వేరు సూస్తం మేము" అంది. మా ప్రయోగశాలలో చెప్పేదీ అదే కదా అనుకుని నోరు మూసుకున్నాను.

ఔరాద్ దారిలో

మూడోరోజు పొద్దున ఆ మూట పట్టుకుని నర్సమ్మ ఊరికి బయల్దేరింది. నేనూ వస్తానన్నాను. కోట చూపించడానికి ఆటో మాట్లాడిన విజయ నన్ను ఎగాదిగా చూసి, ఆటోవాణ్ణి వెనక్కి పంపేసింది. తనకి అర్థమైంది.

బస్సులో మా పక్కన కూర్చున్నామె నన్ను కన్నడంలో ఏదో అడిగింది. నేను తెల్లమొహం వేస్తే మరాఠీలో అడిగింది. అప్పటికీ పలక్కపోతే నర్సమ్మతో, "పాపం, మూగదా?" అంది తెలుగులో! "కాదు, టీచరమ్మ" అంది నర్సమ్మ. బస్సంతా నవ్వింది. నర్సమ్మ మాత్రం నవ్వలేదు. ఒళ్ళో మూటని కొంగుతో కప్పుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది.

ఆ రోజు ఔరాద్‌లో సంత. ఎద్దుల మెడలో గంటలు, పొగాకు, ఎండుమిరప, రంగురంగుల పగ్గాలు. పుంటికూర కట్ట పది రూపాయలకి నా రెండు గుప్పిళ్ళలో పట్టనంత ఇచ్చారు. తెనాలిలో ఆ డబ్బుకి నాలుగు కాడలు! వేరుశనగ కారప్పొడి కొన్నాను, మరమరాల ఉప్మా తిన్నాను, వేడి మిరపకాయ బజ్జీ కొరికి నాలుక కాల్చుకున్నాను. చుట్టూ అంత సందడి ఉంటే కళ్ళు ఎటు తిప్పాలో తెలియలేదు. నర్సమ్మ మాత్రం విత్తనాల దుకాణాల వైపు చూడకుండా నడిచింది. సంచుల మీద పచ్చటి పంట బొమ్మలు పెట్టి, రకరకాల జొన్న విత్తనం అమ్ముతున్నారు అక్కడ. "ఇది దొరకదా ఎక్కడా?" అని అడిగాను. "అది జొన్ననే. గని ఇది కాదు" అంది.

వాళ్ళింటికి చేరాక మూటని జొన్నచొప్ప కుప్పలో, వెచ్చటి చోట చెయ్యి పెట్టి చూసి మరీ దాచింది. పూటకోసారి గోరువెచ్చని నీళ్ళు చిలకరించడం. మధ్యలో ఒకసారి చూద్దామని నేను చెయ్యి పెట్టబోతే టప్పుమని ఒకటి వేసింది. "మాటిమాటికి ఇప్పొద్దు. గాలి దాకుతది." ముప్పయ్యేళ్ళ సర్వీసులో నా చేతి మీద ఎవరూ కొట్టలేదు. కానీ ఎందుకో బాగానే అనిపించింది.

సాయంత్రం పొయ్యి ముందు కూర్చున్నాం. నర్సమ్మ రొట్టె తడుతోంది. నాకిక ఆగలేదు. రేపు మూట విప్పాక చెబితే ఆ చెప్పడానికి విలువ ఉండదు. గింజ మొలిస్తే ధైర్యంగా చెప్పినట్టు, మొలవకపోతే భయపడి చెప్పినట్టు అవుతుంది.

"అక్కా, గింజలు వేయించమని విజయకి చెప్పింది నేను. ఫోనులో. నిన్న నువ్వు అడిగినప్పుడు నోరు విప్పలేదు. తప్పు విజయది కాదు."

రొట్టె తట్టే చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

"బడిల పిల్లలకు ఏం చెప్తవ్ నువ్వు?"

"జీవశాస్త్రం."

"అంటే?"

"ప్రాణం ఉన్నవాటి గురించి అక్కా."

ఆమె పెనం మీంచి రొట్టె తీసి, వేరుశనగ పొడి వేసి, నా చేతిలో పెట్టింది. "సల్లగైతాంది, తిను" అంది. నేను ఏడుస్తూ తిన్నాను. కారం కూడా ఎక్కువే ఉంది లెండి.

రెండు మూటలు

నాలుగోరోజు తెల్లారింది. నర్సమ్మ స్నానం చేసి, దీపం పెట్టి, మూట తెచ్చి గడపలో కూర్చుంది. కొడుకూ కోడలూ వెనక నిలబడ్డారు.

ముందు ఎర్ర దారం విప్పింది. ఇరవై గింజలూ ఉబ్బి, మెత్తబడి, పుల్లటి వాసన వేస్తున్నాయి. ఒక్కటి లేదు. ఒక్కటంటే ఒక్క మొలక లేదు. నర్సమ్మ వేళ్ళతో వాటిని కదిపి చూసి, పక్కన పెట్టింది. కోడలు మొహం తిప్పుకుంది. అయిపోయింది, చంపేశాను అనుకున్నాను.

తెల్ల దారం ముడి పడిపోయి రావడం లేదు. నర్సమ్మ పళ్ళతో లాగింది. గుడ్డ తెరుచుకుంది.

తెల్లగా, సూదిమొనంత, ఒకటి... రెండు... అయ్యో అయ్యో, ఎన్ని! ఇరవైకి పధ్నాలుగు! నేను పెట్టిన కేకకి వాకిట్లో కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. నర్సమ్మ కొడుకు, "అమ్మా, మొలిచినయే!" అని గంతేశాడు. నర్సమ్మ మాత్రం ఆ గుడ్డని ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లని చూసినట్టు చూస్తూ కూర్చుండిపోయింది.

విజయకి ఫోను చేశాను. "ఒసే, పైవన్నీ చచ్చాయి, కిందవి బతికున్నాయి! ఎందుకే? అన్నీ ఒకలాగే వేయించావు కదా!"

అటువైపు నుంచి పెద్ద కేక. "సిలిండరే! మొన్న భయానికి యాదికే రాలె! సగం ఏంచినంక సిలిండర్ ఖతమ్ అయింది! నాలుగు దినాలకు గని రాదన్నరు. ఇగ ఎవరు ఆగుతరని, మిగిలినయి ఉత్తగ ఎండకు వెట్టి అంటించిన. నీకు చెప్తే లెక్చర్ ఇస్తవని చెప్పలే!"

నా సలహా పూర్తిగా పాటించని నా స్నేహితురాలికి ఆ క్షణంలో కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

చేను ఊడదీసిన రోజు

మధ్యాహ్నానికి గోదాంలో ఉన్నాం. ప్రదర్శన ఇంకా రెండు వారాలు ఉంది. బొమ్మ సగం ఊడదీస్తే మళ్ళీ చెయ్యడానికి గింజా లేదు, టైమూ లేదు. విజయ ఒక్క నిమిషం దాని ముందు నిలబడింది. కింద చేనులో పండిన కంకులు నీడలతో సహా ఎలా తేలాయో, ఎన్ని రాత్రుళ్ళు మెడ పట్టేసిందో తనకి తెలుసు. చేత్తో ఒకసారి తడిమింది. ఆ తర్వాత బకెట్టులో గుడ్డ ముంచి, పిండి, తనే మొదట కింది అంచు మీద అద్దింది.

తుమ్మబంక నీళ్ళకి వదిలేస్తుంది. కానీ ఎన్ని వేల గింజలు! ముగ్గురం అయితే రెండు రోజులు పట్టేది. బొమ్మ చూడ్డానికి వచ్చిన మనిషి ఒకడు "ఏమైందమ్మా?" అని అడిగాడు. విజయ చెప్పింది. వాడు చేతిలోని ఎండుటాకు బుట్టలో వేసి, చొక్కా చేతులు మడిచాడు. ఆ మాట గంజ్‌లోకి ఎలా పాకిందో గానీ, గంటలో గోదాం నిండిపోయింది. పప్పు చెరిగే ఆడవాళ్ళు చాటలతో వచ్చారు. శాంతమ్మ చాట ఆడిస్తే బంక ముక్కలు ఒక పక్కకి, గింజలు ఒక పక్కకి ఎలా విడిపోయాయో చూడాలి, అది కూడా ఒక కళే. ఎర్ర రుమాలు హమాలీ వచ్చి, చెక్కని ఒంటిచేత్తో గోడ మీంచి దింపి, "గింత చేను కోసుడు నా జిందగీల సూడలే! కూలి ఏమిస్తవ్ విజయమ్మా?" అన్నాడు. "సుభద్ర పుంటికూర తొక్కు తెచ్చింది, తీస్కపో" అంది విజయ. నవ్వులే నవ్వులు. పచ్చడి సీసా నిజంగానే ఖాళీ అయింది. నా వేలి గోళ్ళన్నీ బంకతో అట్టకట్టాయి. అంత సంతోషంగా నేను ఏ పనీ చేసి ఎరగను.

పొద్దు వాలేసరికి నర్సమ్మ సొరకాయ బుర్ర మెడ దాకా నిండింది. చెక్క మీద పైన గూడూ పిట్టా ఆకాశం మిగిలాయి. కింద ఉత్త చెక్క, తడి మరకలు. విజయ దాన్ని అలాగే మళ్ళీ గోడకి ఎక్కించి, కింద కాగితం అంటించింది: "చేను నర్సమ్మ ఇంటికి పోయింది."

నల్లరేగడిలో

ఐదోరోజు నర్సమ్మ పొలం. వానకి నానిన నల్లరేగడి, చెప్పు పెడితే చెప్పు అక్కడే ఉండిపోతుంది. నావి రెండూ ఉండిపోయాయి. కొడుకు గొర్రు పట్టి ఎద్దుల్ని తోలుతున్నాడు. గొర్రు మీద చెక్కగిన్నె ఉంటుంది, జడ్డిగం అంటారు. అందులో గింజలు పోస్తూ వెనకాల నడవాలి. నర్సమ్మ కొంతసేపు నడిచి, నన్ను పిలిచింది.

"దా. ఏంచమన్న చేతుల్తోనే ఎయ్యి."

పిడికెడు తీసుకున్నాను. "గుప్పిట ఇప్పకు. ఏళ్ళ సందుల్నుంచి జారనియ్యి. సగమే మొలుస్తయ్ అనుకొని జర ఒత్తుగనే పొయ్యి" అంటూ పక్కనే నడిచింది. నా సాలు వంకర, అది నాకూ తెలుసు. ఎద్దులకీ తెలుసు.

గట్టు మీద పక్క పొలం ఆమె నిలబడి చూస్తోంది. నర్సమ్మ ఆమెను చూసి, ఆగి, బుర్రలోంచి రెండు దోసిళ్ళు తీసి ఆమె కొంగులో పోసింది. ఆమె తెల్లబోయింది. నర్సమ్మ నాతో అంది, "పదేండ్ల సంది అడుగుతాంది. ఇయ్యలె. నా అత్త నాకిచ్చిందని గర్వం నాకు. ఒక్క ఇంట్లనే దాసుకుంటే ఏమైతదో సూసినవ్ గదా. తప్పు నీ ఒక్కదానిదే గాదు, టీచరమ్మా."

తెనాలిలో ఫోను

ఆరోరోజు బయల్దేరి వచ్చేశాను. తర్వాత పది రోజులు నేను మనిషిలో లేను. నేలలో పడ్డాక ఎన్ని మొలుస్తాయో, చీమలు తింటాయో, మళ్ళీ వాన పడి కుళ్ళుతాయో! విజయకి రోజూ ఫోను. "నన్ను అడిగితే నాకేం తెల్సే, నేనేమన్న భూమిల ఉన్ననా?" అని కసురుకుంది.

పదకొండో రోజు, మూడో పీరియడ్ అయిపోయి స్టాఫ్‌రూములో కూర్చున్నాను. తెలియని నంబరు నుంచి ఫోను. ఎత్తగానే గాలి హోరు, ఎక్కడో ఎద్దు గంట.

"టీచరమ్మా, నేను, నర్సమ్మను. మొలిచినయ్."

లేచి నిలబడిపోయాను. నా కుర్చీ వెనక్కి పడింది.

"పల్చగున్నయ్ గని మొలిచినయ్. మొక్కకు మొక్కకు నడుమ నేను సాప పర్సుకొని పండొచ్చు. నువ్వు వోసిన సాలు వంకర వోయింది, ఊరంత వచ్చి సూసి నవ్వుతున్రు."

నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. లెక్కల మాస్టారు కంగారుపడి మంచినీళ్ళ సీసా తెచ్చిచ్చారు.

"ఇనవడుతుందా? సంకురాత్రి దాటినంక కంకి పాలు పట్టి పచ్చిగుంటది. అప్పుడు రా. నిప్పుల మీద ఏంచి, చేతుల్ల నలిచి, బెల్లంతోని పెడ్త. గింత తీపి నీ జన్మల తినలేదు."

"వస్తాను అక్కా, తప్పకుండా వస్తాను."

"రా. గని ఏంచుడు మాత్రం నేనే ఏంచుత. నువ్వు పొయ్యి కాడికి వచ్చినవంటే కాళ్ళిరగ్గొడ్త!"

ఆ మాటకి ఆమె నవ్వింది. నర్సమ్మ నవ్వగా వినడం నాకు అదే మొదటిసారి.